పదేండ్లు నిండిన డీజిలు బండి: అపోహలు, వాస్తవాలు

డీజిలు కారునకు పదేండ్లు నిండినచో అది తుక్కుతో సమానమనియు, పోలీసులు నడిరోడ్డున స్వాధీనపఱచుకొందురనియు, బంకులలో ఆయిలు పోయరనియు ఒక వదంతి మన పట్టణములలో ప్రబలి, క్రమముగా నమ్మకమై స్థిరపడినది. 2013లో వచ్చిన ఎకోస్పోర్ట్, 2016 మార్చిలో వచ్చిన విటారా బ్రెజా మొదలైన చిన్న ఎస్.యు.వి.ల తొలి యజమానులు ఈ మాటకు బెదిరి, ఏ లోపమునులేని బండిని అడిగినంతకు అమ్ముకొనుచున్నారు. కొన్న బ్రోకరు అదే బండిని అదే జిల్లాలో నిండు ధరకు మఱియొకరికి అమ్ముచున్నాడు. తుక్కే యైనచో అతడేల కొనును? ఈ ప్రశ్న వేసికొనక, కష్టార్జితమును భయమునకు సమర్పించుకొనువారిని చూచినప్పుడెల్ల మనస్సు చివుక్కుమనుచున్నది.

వదంతికి మూలము లేకపోలేదు. శీతకాలమున ఢిల్లీ గాలి పీల్చుటకు వీలులేనిదగుచున్నందున, జాతీయ హరిత ట్రిబ్యునల్ 2015 ఏప్రిలులో, పదేండ్లు దాటిన డీజిలు వాహనములు దేశరాజధాని ప్రాంతమున తిరుగరాదని ఉత్తరువు చేసెను. 2018 అక్టోబరులో సుప్రీంకోర్టు దానిని సమర్థించెను. అట్టి బండ్లకు 2025 జూలై 1 నుండి ఢిల్లీ బంకులలో ఆయిలు పోయరాదన్న నిర్ణయము అమలులోనికి వచ్చి, ప్రజల ఆక్షేపణలచే కొలది దినములకే నిలిచిపోయెను. ఈ వ్యవహారమంతయు ఢిల్లీకి, దాని చుట్టుపట్ల జిల్లాలకు సంబంధించినది. వాట్సాపులో చేతులు మాఱిన వార్తలో ఊరి పేరు రాలిపోయి, పదేండ్ల గడువు మాత్రము మిగిలినది. దీనికి తోడు, 15 ఏండ్లు దాటిన ప్రభుత్వ వాహనముల రిజిస్ట్రేషన్లు 2023 ఏప్రిల్ 1 నుండి చెల్లవను వేఱొక నిబంధనను గూడ జనులు సొంతకార్లకు అంటగట్టిరి.

మన రెండు తెలుగు రాష్ట్రములయందును సొంతకారు రిజిస్ట్రేషన్ గడువు 15 సంవత్సరములు. అది పెట్రోలుదైనను డీజిలుదైనను ఒక్కటే. ఆ గడువు తీరిన పిమ్మట బండిని ఫిట్‌నెస్ పరీక్షకు నిలిపి, హరితపన్ను కట్టి, రిజిస్ట్రేషన్‌ను మఱి 5 సంవత్సరములకు పొడిగించుకొనవచ్చును. 2022 ఏప్రిల్ నుండి దీనికి రుసుము 5,000 రూపాయలు. 2016 నాటి బ్రెజా ఆర్.సి.లో 2031 అని స్పష్టముగా ముద్రించి యుండగా, దానిని బీరువాలో పెట్టుకొని, పొరుగువాని ఫోనులోని సందేశమును నమ్ముట యేమి వివేకము? కేంద్రప్రభుత్వపు తుక్కు విధానము సయితము సొంతకారును పరీక్షలో తప్పినప్పుడే పక్కకు పెట్టమనుచున్నది గాని, వయస్సు మాత్రము చూచి పెట్టమనుటలేదు.

బ్రెజాను తయారుచేసిన కంపెనీ 2020లో డీజిలు కార్ల తయారీ మానినది గనుక విడిభాగములు దొరకవను భయము మఱియొకటి. బ్రెజాలోని 1,248 సీసీ ఇంజను ఫియట్ సంతతికి చెందినది. అదే స్విఫ్ట్‌లోను, డిజైర్‌లోను, ఇండికా విస్టాలోను పనిచేసినది. దానిని విప్పి బిగింపని మెకానిక్కు తాలూకా కేంద్రములలో సయితము అరుదు. దానిని నడిపినవారిలో, నలుగురు మనుష్యులతో, నిండు సామానుతో ఘాట్‌రోడ్డు ఎక్కునప్పుడు అది లాగు తీరును మెచ్చనివారు లేరు. ఊరి ట్రాఫిక్కులో 2,000 ఆర్.పి.ఎం.కు లోబడినప్పుడు మందకొడిగా నుండునని విసుగుకొననివారును లేరు. రెండభిప్రాయములును నిజములే.

అయితే పాత డీజిలు ఖర్చుల పుట్టయను మాటలో కొంత సత్యమున్నదని, ఇష్టములేకున్నను, ఒప్పుకొనవలసియున్నది. ఇంజెక్టర్లు, టర్బో పాడైనచో వచ్చు బిల్లు, డీజిలు వాడి మిగిల్చుకొన్న సొమ్మును ఒక్క పూటలో మ్రింగివేయగలదు. కావున బడికిని బజారునకును తప్ప బండి తీయనివారు పెట్రోలుదే కొనుట మేలు.

చిన్న ఎస్.యు.వి. ఎత్తుగా నున్నది గనుక గట్టిదనుకొనుట మఱియొక పొరపాటు. ఈ బండ్లలో అధికభాగము హ్యాచ్‌బ్యాకుల వలెనే లారీచట్రము లేక, ముందుచక్రములతోనే నడుచునవి. వఱద నీటిలో దూకించినచో ఏ ఇంజనైనను గాలిగొట్టము ద్వారా నీరు పీల్చి విఱుగవచ్చును. అమ్మినవాని బీమాలోని నో క్లెయిమ్ బోనస్ బండితోపాటు కొన్నవానికి రాదు. మీటరులోని కిలోమీటర్లను చూచి మురియుట కంటె, క్లచ్ పెడల్ రబ్బరు ఎంత అరిగినదో, స్టీరింగు తోలు ఎంత నున్నబడినదో చూచుట లాభకరము.

కొనదలచినవారు తెల్లవారుజామున, ఇంజను చల్లగా నున్నప్పుడే పోయి, తామే స్టార్టు చేసి, గొట్టమునుండి వచ్చు పొగ రంగు గమనింపవలెను. సీటుబెల్టును చివరిదాక లాగి, లోపల బురదచాఱ కనబడినచో, ఆ బండి వఱదలో మునిగినదని గ్రహించి, మఱుమాట లేక వెనుదిరుగవలెను. ఢిల్లీ నంబరు బండి చౌకగా వచ్చినదని తొందరపడక, ఎన్.ఓ.సి.ని కన్నులార చూచి, ఇచ్చట కట్టవలసిన జీవితపన్ను ఎంతో రవాణాకార్యాలయమున విచారించిన పిమ్మటనే అడ్వాన్సు ఇయ్యవలెను.

అమ్ముకొనువారికి నా విన్నపము మఱింత గట్టిది. యాజమాన్యపు మార్పునకై సంతకములు చేసిన 29, 30 ఫారములను బ్రోకరు చేతిలో పెట్టినంత మాత్రమున బాధ్యత తీరదు. ఆర్.సి.లో ఎవరి పేరున్నదో వారే యజమానియని, ప్రమాదము జరిగినచో నష్టపరిహారమునకు వారే బాధ్యులని సుప్రీంకోర్టు 2018లో తీర్పు చెప్పినది. చట్టము ప్రకారము అమ్మినవారు 14 దినములలో, కొన్నవారు 30 దినములలో రవాణాకార్యాలయమునకు తెలియజేయవలెను. మీ పేరునకు బదులు కొన్నవారి పేరు పరివాహన్ వెబ్‌సైటులో కనబడువఱకు, దయచేసి, ఆ పనిని వదలకుడు.