మేపుల్ కొమ్మ కత్తిరింపులు

మేపుల్ చెట్టు లేత కొమ్మలను కత్తిరించి, వాటికి వేళ్ళు పుట్టించి కొత్త మొక్కలను పొందే పద్ధతిని మేపుల్ కొమ్మ కత్తిరింపులు అంటారు. వృక్షశాస్త్రంలో వీటిని కాండ ఛేదనాలు అని కూడా వ్యవహరిస్తారు. ఇది శాఖీయోత్పత్తి విధానాలలో ఒకటి. మేపుల్ చెట్లు ఏసర్ ప్రజాతికి చెందినవి. ఈ ప్రజాతిలో సుమారు 130 జాతులు ఉన్నాయి. వీటిలో అధిక భాగం ఆసియా ఖండానివి. మిగిలినవి ఐరోపా, ఉత్తర అమెరికా, ఉత్తర ఆఫ్రికా ప్రాంతాలలో పెరుగుతాయి. ఒకప్పుడు వీటిని ప్రత్యేక కుటుంబంగా పరిగణించేవారు. ప్రస్తుత వర్గీకరణ ప్రకారం ఇవి మన కుంకుడు చెట్టు, లిచీ చేరిన సపిండేసి కుటుంబంలోనివే. కెనడా దేశం 1965లో స్వీకరించిన జాతీయ పతాకంపై కనిపించేది మేపుల్ ఆకు.

ఇళ్ళలో పెంచడానికి ఎక్కువమంది కోరుకునేది జపాన్ మేపుల్ (ఏసర్ పామేటమ్). ఈ వ్యాసం ప్రధానంగా దానికి సంబంధించినది.

మునగ కొమ్మను విరిచి పాతితే చిగురిస్తుంది. మందారం, నందివర్ధనం కూడా అంతే. మేపుల్ విషయం వేరు. దీనికి వేళ్ళు పుట్టించడం కొంత కష్టమే అయినా సాధ్యమే. అసలు చిక్కు ఆ తరువాత వస్తుంది: చక్కగా వేళ్ళు తొడిగిన మొక్కలు కూడా మొదటి శీతాకాలం గడిచి వసంతం వచ్చేసరికి చిగురించకుండా చనిపోతుంటాయి.

విత్తనం ఉండగా కొమ్మ ఎందుకు?

మేపుల్ విత్తనాలకు రెక్కలు ఉంటాయి. అవి గాలిలో గిరగిరా తిరుగుతూ నేలకు దిగుతాయి. తడి ఇసుకలో కలిపి, సుమారు మూడు నాలుగు నెలలు శీతల స్థితిలో ఉంచిన తరువాత జపాన్ మేపుల్ విత్తనాలు మొలకెత్తుతాయి. కాని విత్తనపు మొక్కకు తల్లిచెట్టు లక్షణాలే వస్తాయన్న నమ్మకం లేదు. ముదురు ఎరుపు ఆకులుండే 'బ్లడ్‌గుడ్' రకపు విత్తనాలు నాటితే కొన్ని ఎర్రనివి, కొన్ని పచ్చనివి, కొన్ని ఆ రెండింటికీ మధ్యస్థంగా ఉండేవి వస్తాయి. ఆకు రంగు, ఆకారం ఆధారంగా ఎంపిక చేసిన రకాలు జపాన్ మేపుల్‌లో వందల సంఖ్యలో ఉన్నాయి. ఆ రకాన్ని ఉన్నదున్నట్లు పొందాలంటే అంటు కట్టాలి లేదా కొమ్మకు వేళ్ళు పుట్టించాలి.

నర్సరీలవారు సాధారణంగా విత్తనపు మొక్కపై అంటు కడతారు. దానికి చేతినేర్పు కావాలి, ముందుగా పెంచిన వేరుమొక్క కూడా కావాలి. అంటు మొక్కలో అతుకు కింద నుండి వేరుమొక్క పిలకలు పుట్టి, పైనున్న రకాన్ని అణచివేసే అవకాశం ఉంది. అమెరికాలో ఎర్ర మేపుల్ (ఏసర్ రుబ్రమ్) విషయంలో ఇంతకంటే పెద్ద నష్టం కనిపించింది. అంటు కట్టిన చెట్లు కొన్నేళ్ళు బాగా పెరిగి, ఆ తరువాత అతుకు పొసగక దెబ్బతినేవి. అందుచేత అక్కడి నర్సరీలు ఆ జాతిని కొమ్మ కత్తిరింపుల ద్వారా సొంత వేళ్ళపై పెంచడం వైపు మళ్ళాయి.

అన్ని జాతులూ ఒకే తీరుగా స్పందించవు. ఎర్ర మేపుల్, వెండి మేపుల్, బోన్సాయ్‌కి వాడే త్రిశూలాకార ఆకుల మేపుల్ (ఏసర్ బుయెర్గెరియానమ్) సులువుగానే వేళ్ళు తొడుగుతాయి. చక్కెర పాకం తీసే షుగర్ మేపుల్ కష్టతరమైనది. జపాన్ మేపుల్ వీటి మధ్య ఉంటుంది. అందులోనూ బలంగా పెరిగే రకాలు నయం, సన్నగా చీలిన ఆకుల రకాలు మొండివి.

కొమ్మను ఎంచుకోవడం

వసంతంలో వచ్చిన కొత్త చిగురు కాస్త గట్టిపడే సమయం ఇందుకు అనువైనది. ఉత్తరార్ధగోళంలోని సమశీతోష్ణ ప్రాంతాలలో ఇది మే నెలాఖరు నుండి జూన్ వరకు ఉంటుంది. కొమ్మను వంచినప్పుడు గడ్డిలా వాలిపోతే ఇంకా లేతగా ఉన్నట్లు. పుటుక్కున విరిగితే సరైన దశ. వయసు మళ్ళిన చెట్టు కొమ్మల కంటే చిన్న వయసు చెట్టు కొమ్మలకు వేళ్ళు త్వరగా వస్తాయి. ఆకులలో నీరు నిండుగా ఉండే తెల్లవారుజామున కత్తిరించి, వెంటనే తడిగుడ్డలో చుట్టాలి.

కత్తిరింపు 10 నుండి 15 సెంటీమీటర్ల పొడవు, రెండు మూడు కణుపులు కలిగి ఉంటే చాలు. కణుపుకు కొద్దిగా కింద కోసి, కింది ఆకులను తీసివేయాలి. పైన రెండు ఆకులు ఉంచి, అవి పెద్దవైతే సగానికి కత్తిరించవచ్చు. అడుగున ఒక పక్క సుమారు రెండు సెంటీమీటర్ల మేర బెరడును పలుచగా చెక్కితే అక్కడి కణాలు ఉత్తేజితమై వేళ్ళు పుట్టే చోటు పెరుగుతుంది. మేపుల్ చెట్లకు నేలలోని శిలీంధ్రం వల్ల వచ్చే వెర్టిసీలియం వడలు తెగులు సోకుతుంది కాబట్టి కత్తిని స్పిరిట్‌తో తుడవడం, తోటమట్టిని వాడకపోవడం మంచిది.

వేళ్ళు పుట్టించడం

మొక్కలలో వేళ్ళ పుట్టుకను ప్రేరేపించేవి ఆక్సిన్‌లు. 1930లలో వీటి ప్రభావం రుజువైన తరువాత ఇండోల్ బ్యుటిరిక్ ఆమ్లం నర్సరీలలో వాడుకలోకి వచ్చింది. ఇది పొడి రూపంలో దొరుకుతుంది. చెక్కిన అడుగు భాగాన్ని పొడిలో అద్ది, అదనపు పొడిని దులిపి, పీట్, పెర్లైట్ సమపాళ్ళలో కలిపిన కుండీలో ముందే చేసిన రంధ్రంలో గుచ్చాలి. నేరుగా గుచ్చితే పొడి రాలిపోతుంది.

వేళ్ళు లేని కొమ్మకు నీరు పీల్చే మార్గం ఉండదు, ఆకులు మాత్రం నీటిని వదులుతూనే ఉంటాయి. కాబట్టి చుట్టూ గాలి తేమగా ఉండాలి. నర్సరీలలో యంత్రాలతో మంచులా నీరు చల్లుతారు. ఇంట్లో పారదర్శకమైన ప్లాస్టిక్ సంచిని కుండీపై కప్పితే సరిపోతుంది. వెలుతురు బాగా ఉండాలి కాని సూటిగా ఎండ తగలరాదు. తగిలితే సంచిలోపల ఆకులు ఉడికిపోతాయి. ఒకటి రెండు నెలలలో వేళ్ళు వస్తాయి. వచ్చాయో లేదో చూడాలని మొక్కను లాగితే అప్పుడే పుట్టిన వేళ్ళు తెగుతాయి. కుండీ అడుగు రంధ్రాల వద్ద వేళ్ళు కనిపించే వరకు ఓపిక పట్టడమే మేలు. ఆపై సంచిని కొద్దికొద్దిగా తెరుస్తూ బయటి గాలికి అలవాటు చేయాలి.

మొదటి శీతాకాలం

శరదృతువులో ఆకులు రాల్చే ముందు చెట్టు తన కాండంలోను, వేళ్ళలోను పిండిపదార్థాన్ని దాచుకుంటుంది. వసంతంలో మొగ్గ విచ్చుకునేది ఆ నిల్వతోనే. వేసవిలో వేళ్ళు పుట్టించుకోవడానికే శక్తినంతా ఖర్చుచేసిన చిన్న కొమ్మకు ఆ నిల్వ మిగలదు. పెంపకందారులు కొమ్మలను జూన్‌లోనే తీయాలని పట్టుబట్టడానికి కారణం ఇదే: వేళ్ళు వచ్చాక కొత్త చిగురు వేసి, ఆహారం తయారుచేసుకోవడానికి వ్యవధి ఉండాలి. ఆగస్టు దాటాక తీసిన కొమ్మకు వేళ్ళు వచ్చినా చలికాలం గట్టెక్కడం అనుమానమే. కొందరు సాయంత్రం దీపాలు వెలిగించి పగటి సమయాన్ని 16 గంటలకు పైగా పొడిగించి చిగురు వేయిస్తారు.

శరదృతువులో కుండీ మార్చరాదు. వేళ్ళను కదిలిస్తే ఉన్న కొద్ది నిల్వ గాయాలు మాన్పుకోవడానికే పోతుంది. చలికి భయపడి వెచ్చని గదిలోకి తేవడం మరొక సాధారణ పొరపాటు. మేపుల్ మొగ్గలు కొన్ని వారాలపాటు చలిని అనుభవిస్తేనే సుప్తావస్థ వీడుతాయి. వెచ్చని గదిలో మొగ్గ విచ్చుకోదు, శ్వాసక్రియ మాత్రం నిల్వను కరిగిస్తూనే ఉంటుంది. మంచు గడ్డకట్టని, 0 నుండి 5 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండే షెడ్డు అనువైన చోటు. మిశ్రమం ఎండిపోకుండా అప్పుడప్పుడు కొద్దిగా నీరు ఇస్తే చాలు. వసంతంలో చిగురు వేసిన తరువాతే పెద్ద కుండీలోకి మార్చాలి.

ఇంతటి శ్రమ వద్దనుకునేవారికి గాలి అంటు మరొక మార్గం. ఇందులో కొమ్మ చెట్టుకు ఉండగానే వేళ్ళు వస్తాయి కాబట్టి నిల్వ కొరత అంతగా ఉండదు.

భారతదేశంలో

హిమాలయాలలో ఏసర్ ఆబ్లాంగమ్, ఏసర్ సీసియమ్ వంటి జాతులు సహజంగా పెరుగుతాయి. కాశ్మీరులోని చినార్ చెట్టు ఆకు మేపుల్‌ను పోలి ఉన్నా అది ప్లేటనస్ ప్రజాతికి చెందినది. చలి అవసరం కారణంగా ఆంధ్రప్రదేశ్, తెలంగాణ మైదానాలలో జపాన్ మేపుల్ నిలదొక్కుకోవడం కష్టం. అమెరికా, కెనడాలలో స్థిరపడిన తెలుగువారికి మాత్రం ఇది పెరటి చెట్టే. అయితే అమెరికాలో 1930 నాటి మొక్కల పేటెంట్ చట్టం ప్రకారం పేటెంట్ ఉన్న రకాలను అనుమతి లేకుండా కొమ్మల ద్వారా వృద్ధి చేయరాదు. పేటెంట్ గడువు దరఖాస్తు చేసిన నాటి నుండి 20 సంవత్సరాలు. పాత రకమైన 'బ్లడ్‌గుడ్' వంటి వాటికి ఈ అడ్డంకి లేదు.