రెండాకులు ఎప్పుడు రాలాయి?

కోవిడ్ కోపమే తొండియార్‌పేటలో అన్నాడీఎంకేను ఓడించిందన్నది అందరూ చెప్పేమాట. ఓట్ల లెక్క మాత్రం వేరే కథ చెబుతోంది

ఈ కథనానికి సంపాదకవర్గం ఇచ్చిన ప్రశ్న సూటిగానే ఉంది. కోవిడ్‌ను సర్కారు సరిగా ఎదుర్కోలేదన్న కోపంతోనే ఉత్తర చెన్నై ఓటరు 2021లో అన్నాడీఎంకేను ఇంటికి పంపాడా? గడువు శుక్రవారం సాయంత్రం. జవాబు కూడా చేతికందేంత దూరంలోనే ఉన్నట్టుంటుంది. 2020 జూన్‌లో చెన్నై కార్పొరేషన్ విడుదల చేసిన జోన్లవారీ పట్టికల్లో రాయపురం అన్నిటికన్నా పైన, తొండియార్‌పేట ఆ వెనకే ఉండేవి. పది నెలలు తిరిగేసరికి చెన్నైలోని 16 అసెంబ్లీ స్థానాలనూ డీఎంకే కూటమి ఊడ్చేసింది. ఈ రెంటినీ పక్కపక్కన పెడితే కథ పూర్తయినట్టే.

అక్కడితో ఆగితే గడువుకు ముందే పని అయిపోయేది. కానీ తొండియార్‌పేట ఉన్న డాక్టర్ రాధాకృష్ణన్ నగర్, అంటే ఆర్కే నగర్ నియోజకవర్గం ఓట్లను ఎన్నిక తర్వాత ఎన్నికగా తిరగేస్తే ఈ కథకు కాళ్లు తడబడతాయి. ఆ లెక్కకన్నా ముందు ఇంకో లెక్క ఉంది. కోపం నిజంగా పుట్టింది అక్కడే.

రెండు పుస్తకాలు, రెండు లెక్కలు

చెన్నైలో మనిషి పోతే కాగితం రెండు దారుల్లో కదులుతుంది. ఒకటి కార్పొరేషన్ దారి. ఆస్పత్రిలో పోతే మరణ కారణం రాసి డాక్టరు ఫారం 4 ఇస్తాడు, ఇంట్లో పోతే ఫారం 4ఎ. శ్మశానంలో పేరు, వయసు, చిరునామా పుస్తకానికెక్కుతాయి. అక్కణ్నుంచి వివరాలు కార్పొరేషన్ ఆరోగ్య విభాగానికి చేరి, 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం కింద రిజిస్టరులో పడతాయి. ఇందుకు గడువు 21 రోజులు.

రెండోది ఆరోగ్యశాఖ దారి. ఆస్పత్రి నుంచి ప్రజారోగ్య విభాగానికి సమాచారం వెళ్లాలి. అది సాయంత్రం బులెటిన్‌లో అంకె అవుతుంది. టీవీలో వచ్చేది ఈ అంకే.

మొదటి దారిని కనిపెట్టుకుని ఉండేవాళ్లు ఇంట్లోనే ఉంటారు. మరణ ధ్రువపత్రం చేతికి రాకపోతే బ్యాంకులో పని జరగదు, బీమా రాదు, రేషన్ కార్డులో పేరు మారదు. అందుకే కొడుకో కూతురో కార్పొరేషన్ ఆఫీసు మెట్లెక్కి దిగుతూనే ఉంటారు. రెండో దారిలో కాగితం ఎక్కడైనా ఆగిపోతే అడిగే నాథుడు లేడు. తన తండ్రి పేరు బులెటిన్‌లో చేరిందో లేదో తెలుసుకోవాల్సిన అవసరం ఎవరికి వస్తుంది?

2020 జూన్ రెండో వారంలో ఈ రెండు పుస్తకాలూ ఎదురుపడ్డాయి. కార్పొరేషన్ రిజిస్టర్లలో కోవిడ్ మరణాలుగా ఉన్నవాటిలో 236 రాష్ట్ర జాబితాలో లేవని పత్రికలు బయటపెట్టాయి. అవినీతిపై పోరాడే అరప్పోర్ ఇయక్కం ఈ తేడాను గట్టిగా నిలదీసింది. ప్రతిపక్ష నేత స్టాలిన్ ప్రభుత్వం చావులను దాస్తోందన్నారు. దాచితే తమకు ఒరిగేదేమిటని ముఖ్యమంత్రి ఎడప్పాడి పళనిస్వామి వాదించారు. అదే వారం, జూన్ 10న, డీఎంకే ఎమ్మెల్యే జె. అన్బళగన్ కోవిడ్‌తో కన్నుమూశారు. దేశంలో ఈ జబ్బుకు బలైన మొదటి శాసనసభ్యుడు ఆయనే, ఆ రోజు ఆయన పుట్టినరోజు కూడా. రెండు రోజుల తర్వాత ఆరోగ్యశాఖ కార్యదర్శి బీలా రాజేష్ స్థానంలోకి జె. రాధాకృష్ణన్ వచ్చారు. 19 నుంచి చెన్నైకి మళ్లీ పూర్తి లాక్‌డౌన్.

ప్రభుత్వం డాక్టర్ వడివేలన్ నాయకత్వంలో కమిటీ వేసింది. మార్చి 1 నుంచి జూన్ 10 దాకా నమోదైన మరణాలను కమిటీ సరిచూసింది. దాని ఫలితం జూలై 22 బులెటిన్‌లో కనిపించింది. ఆ రోజు మరణాలు 74, లెక్కకు రాకుండా పోయిన పాతవి 444. రెండూ కలిపి 518 ఒక్కసారిగా చేరడంతో రాష్ట్ర మృతుల సంఖ్య 3,144కు ఎగబాకింది.

ఇక్కడ కాసేపు ఆగాలి. జూన్ 10 నాటికి తమిళనాడు మొత్తంలో ప్రభుత్వం ఒప్పుకున్న కోవిడ్ మరణాలు 326. అదే కాలంలో లెక్క తప్పినవి 444. అంటే లెక్కించినవాళ్లకన్నా వదిలేసినవాళ్లే ఎక్కువ. కుట్రా, నిర్లక్ష్యమా, రెండు ఆఫీసులు మాట్లాడుకోకపోవడమా అని ఎన్నాళ్లయినా వాదించుకోవచ్చు. ఈ కథనం మూడోదాని వైపే మొగ్గుతుంది. పైగా ఎన్నికలకు తొమ్మిది నెలల ముందు ఆ తేడాను తన బులెటిన్‌లోనే అచ్చువేసుకున్న ప్రభుత్వం అది. ఆ మాత్రం మెప్పు దానికి దక్కాలి. కానీ జూన్‌లో వీధి చివర తగరపు రేకులు బిగించి లోపల జనాన్ని ఉంచిన రోజుల్లో, ఆ రేకుల వెనకున్నవాడికి ఇంత ఓపికగా ఎవరు చెప్తారు?

లెక్కకెక్కినవాళ్లకూ ఎక్కనివాళ్లకూ మధ్య గీత తర్వాత డబ్బు గీత కూడా అయింది. సుప్రీంకోర్టు ఆదేశాలతో 2021 చివర్లో ఒక్కో కోవిడ్ మరణానికి కుటుంబానికి 50,000 రూపాయల సాయం మొదలైనప్పుడు, కాగితంలో కోవిడ్ అని లేనివాళ్లు జిల్లా కమిటీల ముందు మళ్లీ రుజువులు పెట్టుకోవాల్సి వచ్చింది.

ఓటు ఎటు వెళ్లింది

ఇప్పుడు ఓట్ల లెక్క. 2015 జూన్ ఉప ఎన్నికలో ఆర్కే నగర్‌లో అన్నాడీఎంకే అధినేత్రి జయలలితకు 1,60,432 ఓట్లు వచ్చాయి. ప్రధాన ప్రతిపక్షం బరిలో లేని పోటీ అది, దాన్ని పక్కన పెడదాం. 2016 సాధారణ ఎన్నికలో ఆమెకు 97,218. డీఎంకేకు 57,673. ఆ ఏడాది డిసెంబరు 5న ఆమె పోయారు. 2017 డిసెంబరు 21 ఉప ఎన్నికలో అన్నాడీఎంకే గుర్తు రెండాకుల మీద నిలబడిన ఇ. మధుసూదనన్‌కు పడ్డవి 48,306. ఆ పార్టీ నుంచి వేరుపడి ప్రెషర్ కుక్కర్ గుర్తుతో స్వతంత్రుడిగా దిగిన టీటీవీ దినకరన్‌కు 89,013. డీఎంకేకు 24,651 మాత్రమే, డిపాజిట్ కూడా దక్కలేదు.

ఇక కోవిడ్ తర్వాత, 2021 ఏప్రిల్ 6న. డీఎంకే అభ్యర్థి జె.జె. ఎబినేజర్‌కు 95,763 ఓట్లు, అన్నాడీఎంకే అభ్యర్థి ఆర్.ఎస్. రాజేష్‌కు 53,284.

అంటే మహమ్మారి వచ్చి వెళ్లాక ఇక్కడ రెండాకుల ఓటు తగ్గలేదు, ఉప ఎన్నిక నాటికన్నా దాదాపు ఐదు వేలు పెరిగింది. ఆ పార్టీ ఇక్కడ సగం ఓట్లు పోగొట్టుకున్నది వూహాన్ పేరు ఎవరూ వినని 2017లో. జయలలితతో పాటు పోయిన ఓటు అది. దినకరన్ కుక్కర్‌లో కొంతకాలం తలదాచుకుంది, 2021లో పెద్ద భాగం డీఎంకే గుర్తు ఉదయసూర్యుడి కిందికి చేరినట్టుంది. కోవిడ్ చేసిన పని ఏమైనా ఉంటే, అప్పటికే ఊగుతున్న ఓటుకు దారి చూపడమే. పార్టీని అంటిపెట్టుకున్న యాభై వేలమందిని 444 కదిలించలేదు.

ఊగుతున్నవాళ్లు అలా ఊగడానికి ఇంకో కారణం ఉంది. ఆ కష్టకాలంలో ఆర్కే నగర్ ఎమ్మెల్యే ఎవరు? దినకరన్. 2021లో ఆయన ఇక్కడ నిలబడనేలేదు, దక్షిణాన కోవిల్‌పట్టికి వెళ్లి ఓడిపోయారు. ఉప ఎన్నిక తర్వాత ఆయన పెట్టిన పార్టీకి కోశాధికారి పి. వెట్రివేల్ 2011లో ఇదే ఆర్కే నగర్ నుంచి గెలిచి, 2015లో జయలలిత కోసం సీటు ఖాళీ చేసిన మనిషి. 2017 పోలింగ్‌కు ముందురోజు ఆస్పత్రి మంచం మీది జయలలిత వీడియోను విడుదల చేసిందీ ఆయనే. 2020 అక్టోబరు 15న కోవిడ్‌తో మరణించారు. కుక్కర్ ఓటుకు ఇల్లూ లేదు, ఇంటి పెద్దా లేడు.

తేదీలు కూడా చూడాలి. ఆక్సిజన్ కోసం పరుగులు, రెమ్‌డెసివిర్ కోసం కీళ్పాక్ దగ్గర బారులు తీరిన జనం, చాలామంది మనసులో ఇవే కోవిడ్ కోపానికి గుర్తులు. కానీ ఇవన్నీ పోలింగ్ అయ్యాక వచ్చినవి. 2021 ఫిబ్రవరిలో రాష్ట్రంలో రోజువారీ కేసులు ఐదు వందలకు అటూఇటూగానే. పోలింగ్ రోజున నాలుగు వేల లోపు. ఫలితాలు వెలువడిన మే 2న ఇరవై వేలు దాటాయి. ఏప్రిల్ 26న మద్రాసు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి సంజీబ్ బెనర్జీ, రెండో ఉద్ధృతికి ఎన్నికల సంఘానిదే బాధ్యతనీ దానిపై హత్య కేసు పెట్టినా తప్పులేదనీ మండిపడేనాటికి ఓటరు వేలి మీది సిరా ఆరి ఇరవై రోజులు. ఏప్రిల్ 6న మీట నొక్కినవాడు తీర్పు చెప్పింది 2020 గురించి. అప్పటికి ఆ ఏడాది ముగిసిన కథలా కనిపించింది. సంక్రాంతికి రేషన్ కార్డుకు 2,500 రూపాయలు అందాయి. ఫిబ్రవరి 14న తొండియార్‌పేట మీదుగా వింకో నగర్ దాకా మెట్రో రైలు కూత పెట్టింది.

అయినా ఓడారు కదా అంటే, ఓడారు. పక్కనే రాయపురంలో 2001 నుంచి వరసగా గెలుస్తూ వచ్చిన మంత్రి డి. జయకుమార్ 27 వేలకు పైగా తేడాతో ఓడారు. 2020 జూన్‌లో చెన్నైలోని 15 జోన్లను ఐదుగురు మంత్రులకు పంచినప్పుడు ఆయనా అందులో ఒకరు. కోపం ఓటైందనడానికి ఏదైనా సాక్ష్యం ఉంటే అది రాయపురమే. మరి ఆ కోపం ముందుగా తగలాల్సింది ఆరోగ్యమంత్రి సి. విజయభాస్కర్‌కు. పుదుక్కోట్టై జిల్లా విరాలిమలైలో 2016లో ఎనిమిది వేల పైచిలుకు మెజారిటీతో గట్టెక్కిన ఆయన, 2021లో 23 వేలు దాటి గెలిచారు.

రాష్ట్రం మొత్తం చూసినా పదేళ్లు పాలించిన అన్నాడీఎంకేకు 33 శాతం ఓట్లు మిగిలాయి. డీఎంకేకు 37 పైన. కొంప మునిగిన పార్టీ లెక్కలా లేదిది. చెన్నై జిల్లాలో పోలింగ్ 59 శాతం, 2016కన్నా కాస్త తక్కువ. మే 7న ప్రమాణం చేసిన స్టాలిన్ మొదటి సంతకాల్లో ఒకటి బియ్యం కార్డుకు 4,000 రూపాయల కోవిడ్ సాయం మీద. ఆర్కే నగర్‌లో నాలుగు వేలు అనే అంకెకు ఇంకో చరిత్ర ఉంది, అది కింద చదవండి.

ఊరి చరిత్రకు మిగిలిన చోటు ఇంతే. 1693లో ఈస్టిండియా కంపెనీ చేతికొచ్చిన గ్రామాల్లో తొండియార్‌పేట ఒకటి. నేతగాళ్లు, జాలరులు, మిల్లు కూలీలు స్థిరపడ్డ ఈ ఉత్తర చెన్నైలో తెలుగు ఇళ్లు ఎప్పటినుంచో ఉన్నాయి. జస్టిస్ పార్టీని నిలబెట్టిన పిట్టి త్యాగరాయ చెట్టి ఈ ప్రాంతపు తెలుగువాడే. ఆయన పేరిటి కళాశాల, ఇప్పుడు మెట్రో స్టేషన్ కూడా, తిరువొత్తియూర్ హైరోడ్డు మీద ఉన్నాయి. కార్పొరేషన్ నడిపే అంటువ్యాధుల ఆస్పత్రీ తొండియార్‌పేటలోనే ఉంది. కలరా రోజులనుంచీ ఈ పేటకు జబ్బు కొత్త కాదు. 2013లో భూమిలోని చమురు పైపు కారి బావినీళ్లలో పెట్రోలియం తేలితే, జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లారు ఇక్కడివాళ్లు.

89 కోట్ల కాగితం

2017 ఏప్రిల్ 7న ఆదాయపు పన్ను అధికారులు ఆరోగ్యమంత్రి విజయభాస్కర్ ఇంటిపై దాడి చేశారు. అప్పుడు దొరికిందని చెప్పిన జాబితాలో ఆర్కే నగర్ ఓటర్లు 2,24,145 మంది, తలకు 4,000 రూపాయలు, మొత్తం 89 కోట్ల 65 లక్షల 80 వేలు. ఏ వార్డు ఎవరిదో మంత్రుల పేర్లతో సహా ఉందన్నది ఆరోపణ. ఎన్నికల సంఘం 12న జరగాల్సిన పోలింగ్‌ను రద్దుచేసింది. మంత్రి ఆరోపణను కొట్టిపారేశారు, ఎఫ్‌ఐఆర్‌ను తర్వాత హైకోర్టు కొట్టేసింది. డిసెంబరులో జరిగిన పోలింగ్‌లో మళ్లీ 20 రూపాయల నోటును టోకెన్‌గా పంచారన్న గోల. ఆ జాబితా నిజమే అయితే, రెండు లక్షలకు పైగా ఓటర్లను తలతలకూ లెక్కపెట్టగలిగిన యంత్రాంగం మూడేళ్ల తర్వాత చావుల దగ్గర 444 మందిని ఎలా వదిలేసిందో అన్న అనుమానం రాక మానదు.

మన దగ్గర

లెక్క తప్పే జబ్బు తమిళనాడుది మాత్రమే కాదు. 2022 జనవరిలో సుప్రీంకోర్టు ముందుకొచ్చిన వివరాల ప్రకారం, తెలంగాణలో అధికారిక కోవిడ్ మరణాలు నాలుగు వేల లోపు, సాయం కోసం వచ్చిన అర్జీలు దాదాపు 29 వేలు. ఆంధ్రప్రదేశ్‌లో మరణాలు 14 వేల పైన, అర్జీలు 36 వేల పైన.

తెర దించిన అగస్త్య

తిరువొత్తియూర్ హైరోడ్డు మీది అగస్త్య థియేటర్ 1967లో మొదలైంది. 2020లో లాక్‌డౌన్ నష్టాలతో మూతపడింది.

రిప్పన్ బిల్డింగ్ ముందు

మహమ్మారి రోజుల్లో ఉత్తర చెన్నై వీధులు ఊడ్చి, కోవిడ్ ఇళ్ల చెత్త మోసిన పారిశుద్ధ్య కార్మికుల్లో చాలామంది ఇంటి భాష తెలుగు. 2021 జనవరిలో వందలమందిని పనిలోంచి తీసేస్తే, ప్రతిపక్షంలో ఉన్న స్టాలిన్ వాళ్ల పక్షాన నిలిచారు. పర్మినెంట్ చేస్తామన్న మాట డీఎంకే మేనిఫెస్టోలో చేరింది. 2025 ఆగస్టు 1న రాయపురం, తిరు.వి.క. నగర్ జోన్ల కార్మికులు పనిని ప్రైవేటుకు ఇవ్వొద్దంటూ కార్పొరేషన్ కార్యాలయమైన రిప్పన్ బిల్డింగ్ ముందు బైఠాయించారు. వాళ్లతో మాట్లాడటానికి వచ్చిన డీఎంకే మంత్రి పి.కె. శేఖర్‌బాబు 2001, 2006ల్లో ఆర్కే నగర్ నుంచి అన్నాడీఎంకే టికెట్ మీద గెలిచినవారు. చర్చలు తెగలేదు. హైకోర్టు ఉత్తర్వు తర్వాత ఆగస్టు 13 అర్ధరాత్రి పోలీసులు కార్మికులను బస్సులెక్కించి అక్కణ్నుంచి తరలించారు.