సబ్జెక్ట్, ప్రెడికేట్: వెర్బ్ దొరికితే మిగతాది దొరికినట్టే

ఇంగ్లీష్ వాక్యంలో సబ్జెక్ట్ ఏది, ప్రెడికేట్ ఏది అని ఎలా గుర్తుపట్టాలో ఈరోజు చూద్దాం. "ఇది స్కూల్ గ్రామర్ కదా బ్రో, ఇప్పుడెందుకు?" అంటారేమో. ఎందుకో ముందు చెప్తాను.

నేను సాఫ్ట్‌వేర్ జాబ్ చేసే రోజుల్లో మనవాళ్ల మెయిల్స్‌లో ఇలాంటి లైన్లు తరచూ కనిపించేవి: "కంప్లీటెడ్ ద టెస్టింగ్. ఈజ్ వర్కింగ్ ఫైన్." రాసినవాళ్లకు అంతా క్లియర్. చదివే క్లయింట్‌కి మాత్రం రెండు డౌట్లు. టెస్టింగ్ పూర్తి చేసింది ఎవరు? బాగా పనిచేస్తున్నది ఏది? కష్టపడి పని చేశాక, అది మనమే చేశామని మెయిల్‌లో లేకపోతే ఎలా? "ఐ కంప్లీటెడ్ ద టెస్టింగ్. ద యాప్ ఈజ్ వర్కింగ్ ఫైన్" అంటే సరిపోయేది.

ఇది తెలివి తక్కువై జరిగేది కాదు, మన భాష అలవాటు. తెలుగులో "వచ్చాను" అంటే చాలు, వచ్చింది నేనే అని తెలిసిపోతుంది. "వచ్చాడు" అంటే అతను. కర్త ఎవరో క్రియ చివరే చెప్పేస్తుంది. ఇంగ్లీష్‌లో ఐ కేమ్, హి కేమ్, దే కేమ్. ఎవరొచ్చినా "కేమ్" ఒక్కటే. అందుకే సబ్జెక్ట్ విడిగా చెప్పి తీరాలి. వర్షం పడుతున్నా "ఇట్ ఈజ్ రైనింగ్" అనాల్సిందే. ఆ "ఇట్"కి విడిగా అర్థమేమీ లేదు, సబ్జెక్ట్ కుర్చీ ఖాళీగా ఉండకూడదని కూర్చోబెట్టారంతే.

సరే, ఇప్పుడు గుర్తుపట్టడం. రెండే స్టెప్స్.

ఒకటి, వెర్బ్‌ని పట్టుకోండి. వాక్యాన్ని నిన్నటికో రేపటికో మార్చి చూడండి, మారే మాటే వెర్బ్. "మై యంగర్ సిస్టర్ వర్క్స్ ఇన్ ఎ బ్యాంక్." నిన్నటికి మారిస్తే "వర్క్స్" కాస్తా "వర్క్‌డ్" అవుతుంది. దొరికింది కదా.

రెండు, ఆ వెర్బ్‌ని "ఎవరు?" లేదా "ఏది?" అని అడగండి. పనిచేసేది ఎవరు? "మై యంగర్ సిస్టర్". ఆ జవాబు మొత్తం సబ్జెక్ట్. మిగిలిన "వర్క్స్ ఇన్ ఎ బ్యాంక్" ప్రెడికేట్. ఎవరి గురించి చెప్తున్నామో అది సబ్జెక్ట్, వాళ్ల గురించి ఏం చెప్తున్నామో అది ప్రెడికేట్.

ఇప్పుడు అసలు కిటుకు. "ద లిస్ట్ ఆఫ్ స్టూడెంట్స్... రెడీ." మధ్యలో ఈజ్ రావాలా, ఆర్ రావాలా? పక్కనే "స్టూడెంట్స్" కనిపించేసరికి చాలామంది "ఆర్" పెట్టేస్తారు. అడగండి, రెడీగా ఉన్నది ఏది? లిస్ట్. స్టూడెంట్స్ ఇంకా నిద్ర కూడా లేవలేదేమో! లిస్ట్ ఒక్కటే కాబట్టి "ఈజ్". పోటీ పరీక్షలు రాసేవాళ్లు ఇది బాగా గుర్తుపెట్టుకోండి, తప్పు కనిపెట్టమనే ప్రశ్నల్లో ఇలాంటివే ఇస్తుంటారు.

సబ్జెక్ట్ దాక్కునే చోట్లు మూడున్నాయి. "వేర్ ఈజ్ మై ఛార్జర్?" లాంటి ప్రశ్నలో అది వెర్బ్ తర్వాత వస్తుంది: "మై ఛార్జర్". "దేర్ ఆర్ టూ బగ్స్ ఇన్ దిస్ కోడ్"లో "దేర్" ముందున్నా, లెక్క చూడాల్సింది "టూ బగ్స్"నే. అందుకే "ఆర్". ఇక "క్లోజ్ ద డోర్" అన్నప్పుడు సబ్జెక్ట్ కనిపించని "యు".

ఇంకొక్క జాగ్రత్త. పదానికి పదం పెట్టి మార్చకండి. "నాకు ఆకలేస్తోంది" అంటాం, ఇంగ్లీష్‌లో "ఐ యామ్ హంగ్రీ". మన "నాకు" అక్కడ "ఐ" అయిపోయింది. "మా నాన్న డ్రైవర్" అంటే తెలుగులో పూర్తి వాక్యమే, క్రియ అక్కర్లేదు. ఇంగ్లీష్‌లో "మై ఫాదర్ ఈజ్ ఎ డ్రైవర్" అనాలి, ఆ "ఈజ్" లేకపోతే ప్రెడికేట్ నిలబడదు.

మీకో చిన్న హోమ్‌వర్క్. "ద బాయ్ విత్ టూ ఫోన్స్... మై కజిన్." ఈజ్ ఆ, ఆర్ ఆ? సబ్జెక్ట్ ఎక్కడితో అయిపోయింది? కామెంట్‌లో రాయండి. ఈరోజు మీరు పంపే ఒక్క ఇంగ్లీష్ మెసేజ్‌లోనైనా, సెండ్ నొక్కేముందు "ఎవరు?" అని అడిగి చూడండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం, బై.