భయము వ్రాసేవారి దినచర్య

ధర్మపురి వద్ద గోదావరి దక్షిణముఖముగా ప్రవహిస్తుంది. నదిలో స్నానము చేసి మెట్లెక్కి వచ్చిన యాత్రికుడు లక్ష్మీనరసింహస్వామిని దర్శించుకొన్న తరువాత ఆ ఆవరణలోనే మరొక సన్నిధి ముందు నిలుస్తాడు. అది యమధర్మరాజు సన్నిధి. యముని పేరెత్తడానికే జంకే మన దేశములో ఆయనకు గుడి కట్టి, గండదీపము వెలిగించి, వచ్చినవారందరూ ఆ దీపములో ఇంత నూనె పోసి పోయే ఊళ్ళు బహు అరుదు. ధర్మపురికి వచ్చినవానికి యమపురి లేదని కరీంనగరు ప్రాంతములో నానుడి. చిన్నపిల్లలు ఆ విగ్రహమును చూచి తల్లి కొంగు చాటున దాగుతారు. తల్లి నవ్వి, వారి చేతనే దీపములో నూనె పోయిస్తుంది.

భయమును ఇల్లంతా తిరగనీయక దానికొక చోటు చూపించడము మన పెద్దల పద్ధతి. గుడి ఆ పనిని ఒక విధముగా చేస్తే కథ మరొక విధముగా చేస్తుంది. అట్టి కథలు వ్రాసేవారి దినచర్య ఎట్టిది? వారి పుస్తకములు అచ్చయి మన ఇండ్లకు ఏ దారిని వచ్చినవి? ఆ భయము పుస్తకము అట్ట దాటి ఊరిలోనికి వస్తే ఏమి జరుగుతుంది? ఈ మూడు విషయములను గురించి నాలుగు మాటలు చెప్పదలచినాము.

భరతముని నాట్యశాస్త్రములో భయానకమును ఒక రసముగా పరిగణించినాడు. భయము దానికి స్థాయీభావము. లోకములో భయము బాధ; కావ్యములో అదే ఆస్వాద్యము. అమ్మమ్మ ప్రక్కలో పడుకొని దయ్యాల కథ వినే పిల్లవానికి ఈ సూక్ష్మము శాస్త్రము చదువకుండానే తెలుసు. వాడు వణుకుతాడు, అయినా “తరువాత ఏమైంది?” అని అడుగుతాడు. కథ ముగుస్తుందని, అమ్మమ్మ ప్రక్కనే ఉంటుందని వానికి తెలుసు. ఆ రెండు నమ్మకములే భయానక కథకు కంచె.

ఇటువంటి కథలు వ్రాసేవారు అర్ధరాత్రి శ్మశానములో కూర్చుండి వ్రాస్తారని చదువరులు ఊహించుకొంటారు. నిజము వేరు. వీరిలో పలువురు లెక్కల పుస్తకముల మధ్య, తరగతి గదుల మధ్య బ్రతికినవారు. “డ్రాకులా” కర్త బ్రామ్ స్టోకర్ లండనులోని లైసియం నాటకశాలకు వ్యవహారకర్త. టిక్కెట్ల వసూళ్ళు, నటుల జీతములు, ఉత్తరప్రత్యుత్తరములు—ఇవి ఆయన నిత్యకృత్యము. ఆ ఉద్యోగము చేస్తూనే 1890 నుండి తన నవలకు కావలసిన వివరములు కూడబెట్టినాడు. పుస్తకము వెలువడినది 1897లో. ఆ వ్రాతప్రతులు నేటికీ ఫిలడెల్ఫియాలోని రోజెన్‌బాక్ గ్రంథాలయములో భద్రముగా ఉన్నవి.

అమెరికాలో స్టీఫెన్ కింగ్ బడిపంతులుగా ఉండి, చాలని జీతముతో సంసారము ఈదుతూ “క్యారీ” మొదలుపెట్టినాడు. నచ్చక, వ్రాసిన కాగితములను చెత్తబుట్టలో పారవేస్తే, భార్య టాబిథా వాటిని ఏరి తెచ్చి చదివి, పూర్తి చేయమన్నది. నవల 1974లో అచ్చయినది. మొదటి ప్రచురణకు ముట్టిన ముందు సొమ్ము 2,500 డాలర్లు. చౌక ప్రతి హక్కులు మాత్రము 4,00,000 డాలర్లకు అమ్ముడుపోయి, అందులో సగము ఆయనకు దక్కినది. ఆ తరువాత ఎంత పేరు వచ్చినా దినమునకు ఇన్ని మాటలని నియమము పెట్టుకొని, బల్ల ముందు కూర్చుండడము ఆయన మానలేదు.

మన తెలుగునాట ఈ వరుసలో ముందుగా చెప్పవలసిన పేరు యండమూరి వీరేంద్రనాథ్. ఆయన 1948లో తూర్పుగోదావరి జిల్లా రాజోలులో జన్మించినారు. చార్టర్డ్ అకౌంటెంటు పరీక్షలలో ఉత్తీర్ణులై, రాష్ట్ర ఫైనాన్షియల్ కార్పొరేషనులోను, అటుపిమ్మట అప్పటి ఆంధ్రా బ్యాంకులోను ఉద్యోగములు చేసినారు. ఋణములు, వడ్డీలు, పరిశ్రమల లెక్కలు చూచిన ఆ చేతితోనే “తులసిదళం” వ్రాసినారు. 1980 ప్రాంతములో ఆంధ్రభూమి వారపత్రికలో అది ధారావాహికముగా వెలువడినది. తులసి అనే చిన్న బాలికపై చేతబడి ప్రయోగము జరగడము దానిలోని ఇతివృత్తము.

ధారావాహిక రచన ఎంత కష్టమో చదువరికి తెలియదు. వారమునకొక భాగము గడువులోగా అందవలెను. దానిలో కథ కొంత నడవవలెను, కొంత ఆగవలెను. ఆగిన చోట చదువరి ఊపిరి బిగపట్టవలెను. ఇంట జ్వరమున్నా, కార్యాలయములో తనిఖీ ఉన్నా అచ్చు యంత్రము ఆగదు. భయము పుట్టించే కలమును నడిపేది ఆవేశము కాదు, గడియారము.

ఇక ఆ పత్రిక ఇంటికి వచ్చిన నాటి సందడి ఈ పంక్తులు చదివే గృహములలో చాలామందికి జ్ఞాపకము ఉండియే ఉంటుంది. ముందు ఎవరు చదువవలెనన్న తగవు. చదువురాని నాయనమ్మకు కోడలు పైకి చదివి వినిపించడము. “ఇంకా ఉంది” అన్న మాట దగ్గర అందరి నిట్టూర్పు. కొందరు ఆ పుటలను కత్తిరించి, దారముతో కుట్టి, అట్ట వేసి దాచుకొన్నారు. తరువాత విజయవాడ నవసాహితి బుక్ హౌస్ వంటి సంస్థలు యండమూరి నవలలను పుస్తకములుగా తెచ్చినవి. పుస్తకము కొనలేనివారికి వీధి చివర అద్దె పుస్తకముల దుకాణము దిక్కు. కొంత సొమ్ము ధరావతు కట్టి, రోజు అద్దెకు తెచ్చుకొని, రాత్రికి రాత్రే చదివి మరునాటి ఉదయము తిరిగి ఇచ్చేవారు. “తులసిదళం” ఆధారముగా 1985లో కన్నడ చలనచిత్రము వచ్చినది. ఆ కథ తరువాయి “తులసి”. అదే 1986లో తెలుగున “కాష్మోరా” చిత్రమైనది. ఆ వారపత్రికల వైభవము గడిచినది; నేడు భయానక కథలు చేతిఫోనులలో వినబడుతున్నవి. కథ కంటినుండి మరల చెవికి వచ్చినది.

చెవికి వచ్చిన భయమునకు ఎంత బలమున్నదో రేడియో చరిత్రలో ఒక ఉదాహరణము కలదు. 1938 అక్టోబరు 30న అమెరికాలో ఆర్సన్ వెల్స్, అంగారక గ్రహవాసులు భూమిపై దండెత్తిన కథను వార్తల ధోరణిలో నాటకముగా ప్రసారము చేసినాడు. ఇది నాటకమని మొదటనే చెప్పినారు. ఆ ప్రకటన దాటిన తరువాత రేడియో త్రిప్పినవారిలో కొందరు నిజమని నమ్మి బెదరినారు. ఆ కలకలమును పత్రికలు మిక్కిలి పెంచి వ్రాసినవని తరువాతి పరిశోధకులు తేల్చినారు. అయినను బెదరినవారి విషయములో పాఠము స్పష్టము: “ఇది కథ” అన్న కంచె కనబడనప్పుడు రసము పోయి భయము మాత్రము మిగులుతుంది.

మన పల్లెలలో ఆ కంచె చాల పలుచన. “తులసిదళం”లో ఒకవైపు మంత్రగాళ్ళు, మరొకవైపు వైద్యులు, మనస్తత్త్వవేత్తలు తమ తమ ప్రయత్నములు చేస్తారు. ఏది నమ్మవలెనో చదువరికే విడువబడినది. అది కథలో బిగువు పెంచిన మాట నిజము. కాని చేతబడి ఉన్నదేమో అన్న సందేహమును ఇంటింటికి పంచినది గదా అని హేతువాదులు నిలదీసినారు. ప్రసిద్ధ రచయిత్రి రంగనాయకమ్మ ఆ నవలను తీవ్రముగా విమర్శించినారు. కథను కథగా చదువవలెనని అభిమానులన్నారు. ఆ వాదములో ఇరుపక్షముల మాటలోను బలమున్నది. ఒక్క నవల ఎవరి చేతికీ కత్తి ఇవ్వదు. అయితే కత్తులు ముందే సిద్ధముగా ఉన్న నేల మీద ఏ మాట చల్లుతున్నామో రచయిత చూచుకొనవలసినదే.

తెలంగాణ పల్లెలలో చేతబడిని బాణామతి అని కూడా అంటారు. బిడ్డకు జ్వరము తగ్గదు, బర్రె పాలివ్వదు, కోడలికి మూర్ఛలు వస్తాయి. ఎవరో ఒక పేరు పలుకుతారు. ఆ పేరు సాధారణముగా దిక్కులేని ముసలమ్మది, లేదా భూమి తగాదా ఉన్న పొరుగువానిది. పలికినవాడు రుజువు చూపనక్కరలేదు. పేరు పడినవాడు మాత్రము తాను నిర్దోషినని ఏ విధముగాను రుజువు చేయలేడు. 2022 జనవరిలో జగిత్యాల పట్టణములో ఇట్టి అనుమానము మీదనే ఒక తండ్రిని, ఆయన ఇద్దరు కుమారులను పట్టపగలు చంపినారు. 2016లో ఏర్పడిన ఆ జగిత్యాల జిల్లాలోనిదే మన ధర్మపురి. యముని ఎదుట దీపము వెలిగే ఊరికి, ఆ ఘోరము జరిగిన పట్టణమునకు మధ్య బస్సు ప్రయాణము గంటకు మించదు.

నవలలోని మంత్రగాడు రచయిత సృష్టి. వాని నేరము మనము కన్నులార చదివినాము. చివరి పుటతో వాడు పోతాడు. ఊరిలో అనుమానమునకు చివరి పుట లేదు. బీహారు 1999లోను, మహారాష్ట్ర 2013లోను, కర్ణాటక 2017లోను ఈ దురాచారములకు ప్రత్యేక చట్టములు చేసినవి. ప్రత్యేక చట్టమున్నా లేకున్నా హత్య హత్యయే. కాని చట్టము వచ్చేది శవము లేచిన తరువాత. అంతకు ముందు రావలసినది పొరుగువాని మాట: “ముందు పిల్లను ఆసుపత్రికి తీసుకొని పోదాము.”

కావున భయానక కథలు చదువవద్దని మేము అనము. పిల్లలకు చెప్పవద్దనీ అనము. చెప్పినప్పుడు చివరిదాక చెప్పండి. నడుమ వదలి దీపమార్పకండి. అది ఎవరో ఒక ఉద్యోగి పగటి పని ముగించుకొని, బల్ల ముందు కూర్చుండి కల్పించిన కథ అని కూడ చెప్పండి. ఆ ఒక్క మాటతో పిల్లవాని ఆనందము తగ్గదు. పెద్దవాడైన తరువాత ఎవరైనా తన పొరుగింటి ముసలమ్మ పేరు గుసగుసగా చెప్పినప్పుడు వాడు వెంటనే నమ్మక, “ఎవరు చూచినారు?” అని అడుగగలడు.