మైకులో ఒకే మాట రెండుసార్లు ఎందుకు?

శివరాత్రి జనంలో శ్రీశైలం వీధుల్లో నడుస్తుంటే మైకులో చెప్పిన మాటే మళ్లీ వినిపించవచ్చు. ఎందుకు? గాలిలో శబ్దం వేగం సెకనుకు సుమారు 340 మీటర్లే. తీగలోనో, రేడియో తరంగంగానో వెళ్లే సంకేతానికి స్పీకర్ల మధ్య దూరం లెక్కే కాదు. అందుకే మీ పక్క స్పీకరు ముందే పలుకుతుంది. 68 మీటర్ల అవతలి స్పీకరు గొంతు 0.2 సెకన్లు ఆలస్యంగా చెవికి చేరుతుంది. ‘హర’ వెనకాలే ఇంకో ‘హర’!

ఎలా సరిచేస్తారు? యాక్టివ్ స్పీకరు పెట్టెలోనే యాంప్లిఫయర్లు, చాలావాటిలో డీఎస్పీ (డిజిటల్ సిగ్నల్ ప్రాసెసర్) చిప్పు ఉంటాయి. ఆ చిప్పు అంకెలుగా మారిన శబ్దంలో మంద్ర స్వరాలను పెద్ద ఊఫర్‌కు, కీచు స్వరాలను చిన్న ట్వీటర్‌కు పంచుతుంది. రెండు గొంతులూ ఒకేసారి చేరేలా మీ పక్క పెట్టెను కావాలనే 0.2 సెకన్లు ఆపుతుంది. వైర్‌లెస్ అనగానే సంబరపడకండి, బ్లూటూత్ తన ఆలస్యం తానూ కలుపుతుంది. అదీ లెక్కలో వేయాలి. స్పీకర్లన్నిటినీ ఒకే దిక్కుకు తిప్పాలి. ఎదురెదురుగా కడితే ఏ చిప్పూ కాపాడలేదు.