ఫోనునకును పాటపెట్టెకును పొత్తు



నేటి నా ప్రసంగము సంగీతమును గూర్చినదే కాని రాగతాళములను గూర్చినది కాదు. ఫోనులోనో కంప్యూటరులోనో పాటలను నడపు యాప్‌లు కొన్ని కలవు. ఇంటి వైఫై ద్వారా ఆ పాటలనందుకొని బిగ్గరగా వినిపించు స్ట్రీమరు అను పెట్టెలు కొన్ని కలవు. ఈ రెండింటికిని పొత్తు ఎందుకు కుదరదో, కుదరనప్పుడు ఏమి చేయవలెనో విన్నవింపదలచితిని. సౌలభ్యమునకై స్ట్రీమరును పాటపెట్టె యని పిలిచెదను. ఇది పట్టణపు యువకుల ముచ్చట గదా, మనకేల యని మీరనవచ్చును. కాని పట్టణమున ఉద్యోగము చేయు కొడుకులును మనుమలును పండుగకు వచ్చుచు ఇట్టి పెట్టెను తెచ్చి పెద్దవారికిచ్చుట నేడు పల్లెలలోను కనబడుచున్నది. తెచ్చినవాడు సెలవు ముగియగానే పోవును. పెట్టె మనయొద్ద మిగులును. అది మూగవోయిననాడు దానిని పలికించు ఉపాయము మనకు తెలిసియుండవలదా?

ముందుగా రేడియోనే తీసికొందము. మీ ఇంటి రేడియో ఏ కంపెనీ చేసినదో ప్రసారము చేయువారెరుగరు. ఎరుగవలసిన అవసరమును లేదు. వారు ఏ తరంగముపై పంపుదురో ఆ తరంగమునకు ముల్లు త్రిప్పిన చాలును. హైదరాబాదులోని దక్కను రేడియో 1950 ఏప్రిలు 1వ తేదీన ఆలిండియా రేడియోలో కలిసిపోయెను. యజమాని మారెను గాని, దానివలన శ్రోతల యిండ్లలోని రేడియోలు పనికిమాలినవి కాలేదు. కారణమేమన, పంపువానికిని అందుకొనువానికిని నడుమనున్న ఒడంబడిక ఒక్కటే. అది అందరి సొత్తు. పాటపెట్టెల సంగతి అట్లు కాదు. వీనియందు ఒడంబడికలు పలు విధములు. కొన్ని అందరివి, కొన్ని ఒక్కొక్క కంపెనీకే చెందినవి.

ఈ వ్యవహారమును నేను దగ్గరగా చూచినది హైదరాబాదు నడిబొడ్డునగల అమీరుపేట, పంజగుట్టలయందు. నా మనుమడు అమీరుపేటలో ఒక హాస్టలునందుండి సాఫ్టువేరు నేర్చుకొనుచున్నాడు. అచట మైత్రీవనము చుట్టుప్రక్కల ఏ గోడ చూచినను శిక్షణాలయముల ప్రకటనలే. అచట బోధించు విద్యలలో సాఫ్టువేరు పరీక్ష యొకటి. అందు ‘కంపాటిబిలిటీ టెస్టింగు’ అను ప్రకరణము కలదు. ఒకరు చేసిన సాధనము మరియొకరు చేసిన సాధనముతో కలిసి పనిచేయునో లేదో శోధించుటయే దాని ప్రయోజనము. అమీరుపేట తరువాతి మెట్రో స్టేషనే పంజగుట్ట. అచటి అంగళ్ళలో గృహోపకరణములు అమ్మకమునకు దొరకును. పొత్తును శోధించు విద్య ఒకచోట, పొత్తు కుదరవలసిన సరకు మరియొకచోట. కొనువాడు రెండింటి నడుమ నిలిచియున్నాడు.

పొత్తు అనగా నేమో ఆ ప్రాంతముననే కన్నులార చూడవచ్చును. 2017 నవంబరులో ప్రారంభమైన మెట్రోబండ్లు నడచు పట్టాల నడిమి వెడల్పు 1,435 మిల్లీమీటర్లు. చేరువనే బేగంపేట స్టేషనులో ఎం.ఎం.టి.ఎస్. బండ్లు నడచు పట్టాల నడిమి వెడల్పు 1,676 మిల్లీమీటర్లు. రెండును మంచి బండ్లే. రెండును విద్యుత్తుతోనే నడచును. కాని ఒక దారి బండి మరియొక దారి పట్టాలపై అడుగైనను కదలదు. ఇందు తప్పు ఏ బండిది? ఏ బండిదియు కాదు. కొలత కుదరలేదు, అంతియే. ఫోను మంచిదై, పెట్టె మంచిదై, పాట మాత్రము రాకుండుటకు తరచుగా కారణమిదియే. ఇక్కడ కుదరవలసిన కొలతలు నాలుగు. వానికి నేను వీధి, భాష, లిపి, క్రమము అని పేళ్ళు పెట్టుకొంటిని.

మొదటిది వీధి. యాప్‌ను తెరవగానే అది పాటపెట్టె ఎచటనున్నదని వెదకును. ఆ వెదకు విధము మన దండోరా వంటిది. ‘పాట వినిపింపగలవారెవ్వరైన నున్నారా?’ యని ఫోను వైఫై లోపల చాటును. ‘నేనున్నాను’ అని పెట్టె తన చిరునామా చెప్పును. ఈ దండోరా ఆ వీధికే పరిమితము; గోడకావల వినబడదు. ఒక్క రౌటరే రెండు వీధులను కల్పింపవచ్చును: ఇంటివారికొకటి, అతిథులకొకటి. పెట్టె ఇంటివారి వీధిలోను, ఫోను అతిథుల వీధిలోను ఉన్నచో రెండింటికిని ఇంటర్నెట్టు వచ్చును గాని ఒకదానికొకటి కనబడదు. హాస్టళ్ళలో పెక్కుమంది పిల్లలు ఒకే వైఫైని వాడుదురు. కావున ఒకరి ఫోను మరియొకరికి కనబడకుండ రౌటరులోనే అడ్డుగోడ పెట్టుట కలదు. ఆ గోడ రక్షణకు మంచిదే, కాని దండోరానుగూడ ఆపును. అమీరుపేటలో నా మనుమని గదిలో ఉలుకుపలుకు లేని పెట్టె మా ఊరిలో మా రౌటరుతో కలుపగానే చక్కగా పలికెను. కావున పెట్టె కనబడనప్పుడు మొట్టమొదట చూడవలసినది, ఫోనునకును పెట్టెకును వైఫై పేరు ఒక్కటేనా యనునది.

రెండవది భాష. ఒకే వీధిలోనున్నను భాష కలియనిదే సంభాషణ సాగదు. 1999లో పలు కంపెనీలు కూడి యూపీఎన్‌పీ అను ఉమ్మడి భాషను కల్పింప బూనుకొనెను. 2003లో ఏర్పడిన డీఎల్ఎన్ఏ అను కూటమి దానినే ఆధారము చేసికొని, ఒడంబడికకు లోబడిన సాధనములకు ముద్ర వేయుచు వచ్చెను. ఆ కూటమి 2017లో రద్దయ్యెను గాని ఆ భాషను పలుకు పెట్టెలు నేటికిని కలవు. ఆపిల్ కంపెనీ 2004లో తనదైన భాషను తెచ్చి, 2010లో దానికి ఎయిర్‌ప్లే యని పేరు పెట్టెను. గూగుల్ కంపెనీ 2013లో క్రోమ్‌కాస్ట్‌తో మరియొక భాషను తెచ్చెను. ఎయిర్‌ప్లే మాత్రమే తెలిసిన పెట్టెను కొని, ఆండ్రాయిడ్ ఫోనుతో పలికింపబోయిన, ఆ ఫోనునకు ఆ భాష పుట్టుకతో రాదు.

ఈ భాషలలో పని నడచు తీరుగూడ రెండు విధములు. ఒక విధమున ఫోను తానే కడవతో నీరు మోసినట్లు పాటను మోసికొనిపోయి పెట్టెలో పోయును. రెండవ విధమున ఫోను ‘ఫలానా బావిలో నీరున్నది’ అని చిరునామా మాత్రము చెప్పును. పెట్టె తానే పోయి తోడుకొనును. రెండవ విధమున ఇంటర్నెట్టులోని పాట వినునప్పుడు, ఒకసారి మొదలైన పాట ఫోనును ఆపినను సాగుచుండును. కాని పాట ఫోనులోనే దాచబడియున్నచో ఫోనే ఆ బావి. బ్యాటరీని పొదుపు చేయుటకై ఫోను నిద్రపోయిన, బావికి మూత పడినట్లే. పాట నడుమ తెగిపోవును. పెట్టెను నిందింపక, ఫోను అమరికలలో ఆ యాప్‌నకు బ్యాటరీ పొదుపు నుండి మినహాయింపు ఈయవలెను.

మూడవది లిపి. ఒకే శ్లోకమును తెలుగులోను, నాగరిలోను, గ్రంథలిపిలోను వ్రాయవచ్చును. శ్లోకమొక్కటే, కాని గ్రంథలిపి రాని పండితుడు ఆ తాళపత్రమును చేతబట్టి మౌనము వహించును. పాటయు అట్లే ఎంపీ3, ఫ్లాక్, వేవ్ మున్నగు పలు రూపములలో దాచబడును. ఎంపీ3 చెవికి అంతగా తెలియని అంశములను విడిచి పాటను కుదించును. 2001లో వెలువడిన ఫ్లాక్ ఏదియు విడువకయే కుదించును. రూపముతోపాటు కొలతయు కలదు. 1982లో వచ్చిన సీడీలో నాదమును సెకనునకు 44,100 మార్లు కొలిచి అంకెలుగా వ్రాయుదురు. మనుష్యుని చెవికి సెకనునకు సుమారు 20,000 కంపనములకు మించిన నాదము వినబడదు. దానికి రెండింతలు దాటిన కొలతలు చాలునని శాస్త్రము. అయినను ఇప్పుడు 96,000 మార్లును, 1,92,000 మార్లును కొలిచి దాచుట కలదు. అన్ని పెట్టెలును అంతటి సూక్ష్మలిపిని చదువలేవు.

ఇందుకొక ఉదాహరణము చెప్పెదను. మా గ్రామమున నా మిత్రులొకరు, తమ అన్నగారు పూర్వము పురాణము చెప్పుచుండగా కేసెట్లలో పట్టియుంచిరి. అన్నగారు స్వర్గస్థులైరి, వారి కంఠము ఆ కేసెట్లలోనే మిగిలినది. నా మిత్రులు నగరమున వానిని ఫ్లాక్ రూపమునకు మార్పించిరి. పిదప ఒక పాటపెట్టెను కొనిరి. అందు సినిమాపాటలన్నియు పలికెను. అన్నగారి కంఠము మాత్రము పలుకలేదు. పెట్టె అమ్మిన అంగడివారు ఫోనుదే లోపమనిరి. ఫోను అమ్మినవారు పెట్టెదే లోపమనిరి. మార్చినవారే చెడగొట్టిరేమో యని నా మిత్రులు దుఃఖించిరి. నా మనుమడు చూచి చెప్పినదేమన, ఆ పురాణమును సెకనునకు 96,000 కొలతలతో దాచిరి; ఆ పెట్టె 48,000 వరకే చదువగలదు. మూలమును ముట్టుకొనక, 44,100 కొలతలతో ఒక ప్రతిని తీయించితిమి. ఆ సాయంకాలము అన్నగారి కంఠము ఇల్లంతయు వినబడెను. కొన్ని యాప్‌లు ఇట్టి మార్పును తామే అప్పటికప్పుడు చేసి పెట్టెకు అందించును. ఆ సౌకర్యమున్నదేమో ముందుగా విచారించుట మేలు.

నాలుగవది క్రమము. హరికథనో కచేరినో పలు భాగములుగా ఖండించి దాచినచో, భాగమునకు భాగమునకు నడుమ కొన్ని పెట్టెలు క్షణకాలము ఆగును. ఆలాపన ముగిసి కీర్తన ఎత్తుకొను చోట ఈ విరామము చెవికి ముల్లు వలె గ్రుచ్చుకొనును. యూపీఎన్‌పీ ఒడంబడికలో, ఒక భాగము నడచుచుండగనే రాబోవు భాగము చిరునామాను ముందుగా చెప్పు ఏర్పాటు కలదు. కాని అది ఐచ్ఛికము. చేయువారు చేసిరి, మానువారు మానిరి. యాప్, పెట్టె రెండును దానిని పాటించిననే విరామము తగ్గును. లేనిచో హరికథను ఖండింపక ఒకే భాగముగా దాచుకొనుట ఉపాయము. మరియు తెలుగు లిపిలో వ్రాసిన పాటల పేళ్ళు కొన్ని పెట్టెల తెరపై వట్టి గళ్ళుగా కనబడును. పెట్టెలో తెలుగు అక్షరములు లేకపోవుటయే తరచుగా దానికి కారణము. పాటకు చేటు లేదు. పేరునకు ముందు 01, 02 అని అంకెలు వేసికొన్న వరుస తప్పక గుర్తింపవచ్చును.

ఇక అన్నిటికంటె ముఖ్యమైన మాట. నేడు కుదిరిన పొత్తు రేపు నిలుచునా? గూగుల్ వారు 2015లో క్రోమ్‌కాస్ట్ ఆడియో అను చిన్న పెట్టెను విడుదల చేసి, 2019లో దాని తయారీని ఆపిరి. అయినను అవి ఎన్నో యిండ్లలో పలుకుచునే యుండెను. 2025 మార్చి 9వ తేదీన అవి ఒక్కుమ్మడి మూగవోయెను. పెట్టె నిజమైనదేయని యాప్‌నకు సాక్ష్యమిచ్చు ధ్రువపత్రము పదియేండ్ల గడువుతో వ్రాయబడినది. ఆ గడువు తీరినది. ఏ పెట్టెలోను తీగ తెగలేదు. కొన్ని దినములలో గూగుల్ వారు సరిదిద్దిరి; దిద్దకుండిన, మంచి పెట్టెలన్నియు చెత్తలో చేరవలసినవే.

దీనికి ప్రతిగా మరియొకటి వినుడు. లాజిటెక్ కంపెనీ 2012లో స్క్వీజ్‌బాక్స్ అను పాటపెట్టెల వరుసను నిలిపివేసెను. వానిని నడపు సాఫ్టువేరు అందరికిని బహిరంగముగా ఇయ్యబడియుండుటచే, స్వచ్ఛందసేవకులు దానిని కాపాడుచు, ఇప్పుడు లిరియాన్ అను పేరుతో సాగించుచున్నారు. ఆనాటి పెట్టెలు దానిసాయముతో నేటికిని పలుకుచున్నవి. మొదటి పెట్టెకు ప్రాణము కంపెనీ చేతిలోనున్నది. రెండవదానికి ప్రాణము పదుగురి చేతిలోనున్నది. ఊరుమ్మడి చెరువునకు ఒకడు పోయిన మరియొకడు గట్టు వేయును. ఒక్కని సొంత బావికి ఆ భరోసా లేదు.

కావున పంజగుట్టలో కొన్నను, మీ మండలములో కొన్నను, డబ్బు చెల్లింపకముందే నాలుగు ప్రశ్నలడుగుడు. ఈ పెట్టె మా ఫోను మాటాడు భాషను మాటాడునా? ఎంపీ3తోపాటు ఫ్లాక్‌ను చదువునా, సెకనునకు ఎన్ని కొలతల వరకు? కంపెనీవారి యాప్ లేకున్నను, ఇంటర్నెట్టు లేకున్నను, ఇంటిలో దాచిన పాటలను పలుకునా? వెనుక భాగమున తీగ దూర్చు రంధ్రమున్నదా? ఈ కడపటి ప్రశ్నను తేలికగా చూడకుడు. ఒడంబడికలన్నియు చెడినను, సామాన్యమైన తీగ పాటను మోసికొనిపోగలదు. మాటలతో తృప్తిపడక, మీ ఫోనునే తీసికొనిపోయి, మీ పాటనే అచట పలికించి చూపుమనుడు. అమీరుపేటలో పిల్లలు రుసుము చెల్లించి నేర్చు శోధనలో సారమిదియే.

మీ యింటిలోని పెద్దల కంఠములు, హరికథలు, పద్యములు ఏవైన నున్నచో, వానిని ఫ్లాక్ వంటి బహిరంగ రూపమున రెండు ప్రతులు తీయించి, రెండు చోట్ల భద్రపరచుడు. పెట్టె పోయిన మరియొకటి కొనవచ్చును. పోయిన కంఠమును ఏ అంగడిలోను కొనలేము. పెట్టెను బట్టి పాటను దాచుకొనక, పాటను బట్టి పెట్టెను ఎన్నుకొనుడని విన్నవించుచు విరమించుచున్నాను.