వార్తల్లో పదం: ఆబ్జెక్ట్ రిఫరెన్స్

జావాలో ఒక ఆబ్జెక్ట్‌కు దారి చూపే లంకె ఆబ్జెక్ట్ రిఫరెన్స్. సమాచారాన్ని నకలు చేయడం కన్నా లంకె వేయడమే మేలు. ఉదాహరణకు, 2019లో తమిళనాడులోని వేలూరు జిల్లా మూడుగా చీలింది. కే.వి.కుప్పం, గుడియాత్తం తాలూకాలు వేలూరులోనే ఉండగా, ఆంబూరు తాలూకా తిరుపత్తూరు జిల్లాలో చేరింది. ప్రతి ఊరి ఆబ్జెక్ట్‌లోనూ జిల్లా పేరు విడిగా రాసి ఉంటే ఆంబూరు తాలూకా ఊళ్లన్నింటినీ దిద్దాలి. ఊరు తాలూకాను, తాలూకా జిల్లాను చూపుతుంటే ఆంబూరు తాలూకా లంకె ఒక్కటి మారిస్తే చాలు.

ఈ లంకెల గొలుసులో ఒక్కటి నల్‌గా, అంటే దేన్నీ చూపకుండా, ఉన్నా ప్రోగ్రాం మధ్యలో ఆగిపోవచ్చన్న అభ్యంతరం సబబే. దానికి విరుగుడు నకళ్లు కాదు, క్రమశిక్షణ. తాలూకా ఇవ్వకుండా ఊరి ఆబ్జెక్ట్ తయారు కాకుండా దాన్ని తయారుచేసే కన్‌స్ట్రక్టర్‌లోనే అడ్డుకోవాలి. అలాగే, జిల్లా ఏదని బయటి కోడ్ ఊరినే అడగాలి. ఊరు తన తాలూకాను అడిగి చెప్పాలి. అప్పుడు లోపలి అమరిక మారినా బయటి కోడ్ చెదరదు.